కడగని గేదె

మొగుడు పోయాక సత్తెమ్మకి మిగిలింది పుట్టింటివాళ్లు ఇచ్చిన గేదె ఒక్కటే. అది పాలిచ్చినన్నాళ్లే ఆమె పొయ్యి వేరు. అది పోతే బావగారు పోలయ్య ఇంట్లో అంట్లు తోమి, తోడికోడలు పెట్టినప్పుడు తినాలి.

ఆ గేదె వట్టిపోయి మళ్లీ చూడి కట్టలేదు. అల్లవరం పక్క ఆ పల్లెలో గేదె ఎదకొస్తే ఊరంతా వినేలా అరవాలి. అప్పుడు మగాళ్లు దాన్ని అమ్మవారి దున్నపోతు దగ్గరికి తోలుకెళతారు. సత్తెమ్మ గేదె నోరెత్తలేదు. గొడ్డుదని తేల్చేసి పోలయ్య తోళ్ల బేరగాడికి మాటిచ్చేశాడు, అదేదో తన సొత్తయినట్టు.

అరవనంతమాత్రాన దానికి ఎద లేదని ఎవరన్నారు? నోరు మూసుకుని కాపురం చేసిన సత్తెమ్మకి ఆ సంగతి ఒకరు చెప్పాలా?

ఓ తెల్లవారుజామున గేదె పడుకుని లేచిన చోట గడ్డి తడిగా మెరిసింది. వేలితో తీస్తే గాజులా తేటగా, తెగకుండా తీగ సాగింది. ఎదకి అదే గుర్తని వాళ్లమ్మ చిన్నప్పుడు చూపించింది. బావగారికి కబురు పెట్టి, అలవాటుకొద్దీ గేదెని కాలవలో దింపి తోకదాకా రుద్దింది. కొత్త కాలవ తవ్విన దగ్గర్నుంచి గొడ్డుని కడగని ఇల్లాలిని ఆ ఊళ్లో ఇల్లాలే అనరు మరి. పోలయ్య ఎండెక్కాక వచ్చి, తోకెత్తి చూసి, ఏమీ లేదని నవ్వి వెళ్లిపోయాడు.

ఇన్నాళ్లూ ఆ గుర్తుని తన చేత్తోనే కాలవపాలు చేసిందన్నమాట.

ఇక కడగడం మానేసింది. తోకకి పేడ అట్టలు కట్టింది. పక్కింటి బుల్లెమ్మ ముక్కు మూసుకుని, "ఏవమ్మా సత్తెమ్మా, కాలవలో నీళ్లు నీకు అందటం లేదా?" అంది.

"మీరు తోముకోండి వదినగారూ. నేను చూసుకుంటన్నానండి."

రోజూ పొద్దున్నే గడ్డీ తోకా చూసేది. కొన్నాళ్లు ఏమీ లేదు. ఒకసారి గంజిలా మసగ్గా కనపడితే, అదను దాటిపోయిందని పళ్లు కొరుక్కుంది. చివరికి సంతరోజు పొద్దున్న తేటతీగ సాగింది. నడుం మీద అరచేత్తో అదిమితే గేదె కదలకుండా నిలబడింది, అదీ ఎదకి గుర్తే. సత్తెమ్మ పలుపు విప్పింది.

ఆడది, అందులోనూ మొగుడు పోయినది, గేదెని పోతు దగ్గరికి తోలుకెళ్లడం ఆ ఊరు ఎరగదు. బేరగాడిని వెంటబెట్టుకుని వస్తున్న పోలయ్య దారికి అడ్డం నిలబడ్డాడు.

"సిగ్గు లేదా నీకు?"

అన్నాళ్లూ ఆయనతో తలుపు చాటునుంచే మాట్లాడిన మనిషి, మొహంలోకి చూసింది.

"గేదెకి లేని సిగ్గు నాకెందుకండి బావగారూ? తప్పుకోండి."

ఆయన తప్పుకోలేదు. గేదె తోక విసిరింది. పేడంతా ఉతికిన పంచె మీద పడేసరికి చెంగున పక్కకి గెంతాడు. సత్తెమ్మ ముందుకే నడిచింది. బేరగాడు వట్టిచేతులతో సంతకి పోయాడు.

గేదె చూడి కట్టింది, ఈనింది. సత్తెమ్మ పొయ్యి వేరుగానే మండింది. మరుసటేడు పోలయ్య గేదె చూడి కట్టడం లేదని తోడికోడలు పిలుచుకెళ్లింది. సత్తెమ్మ వాళ్ల వాకిలి మధ్యకొచ్చి నిలబడింది.

"తోక ఎత్తి పట్టుకోండి బావగారూ," అంది. "నేను చూస్తాను."

పోలయ్య పట్టుకున్నాడు.