మొక్కు పేరుతో నడక

నేను పిరికిదాన్ని. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. బల్లి మీద పడితే తలస్నానం చేసి కూడా సాయంత్రం దాకా వణికేదాన్ని. అలాంటిదాన్ని తీసుకెళ్లి దివిసీమలో ఇచ్చారు. మా పుట్టిల్లు గుడివాడ. అక్కడ పాములు లేవని కాదు గానీ, మా అత్తగారి ఊళ్లో పొయ్యిలోకి కట్టెలు తీయాలన్నా ముందు కర్రతో తట్టి చూడాలి. ఆ ఊళ్లో పాము అన్న మాట ఎవరి నోటా రాదు. పురుగు అంటారు. పొద్దుగూకాక అదీ అనరు.

అంతకంటే పెద్ద భయం ఒకటి నాతోపాటు గుడివాడ నుంచే వచ్చింది. మా నాన్నకి చక్కెర జబ్బు. నేను పరికిణీలు కట్టుకునే రోజుల్లో ఆయన కాలికి గడప తగిలి బొటనవేలి గోరు లేచింది. అంతే, అంత చిన్న దెబ్బ. అమ్మ పసుపు అద్ది గుడ్డ కట్టింది. నేను రోజూ బడి నుంచి రాగానే "నొప్పిగా ఉందా నాన్నా" అని అడిగేదాన్ని. "నొప్పేం లేదమ్మా" అనేవాడు. ఆ మాట విని నిశ్చింతగా ఆటలకి పోయేదాన్ని. వేలు నల్లబడింది. ఆ గదిలోకి వెళ్తే ఒక వాసన వచ్చేది. అప్పుడు కూడా ఆయన నొప్పి లేదనే అన్నాడు. చివరికి బందరు ఆస్పత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఆ తరవాత ఎంతో కాలం బతకలేదు.

మా పాప పుట్టి కాస్త నడకలు నేర్చే వేళకి నాకు దాహం మొదలైంది. కుండెడు నీళ్లు తాగినా నోరు పిడచకట్టుకుపోయేది. అరికాళ్లలో ఎప్పుడూ తిమ్మిరి. అదేమిటో నాకు తెలుసు. తెలిసే ఎవరికీ చెప్పకుండా చాలా నెలలు గడిపాను. చెప్పనంత కాలం లేనట్టే కదా అనుకున్నాను. చివరికి మావారే గమనించి బందరు తీసుకెళ్లారు.

ఆ డాక్టరుగారు పెద్దవారు, మాట కటువు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో నా మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచి చూపించారు. నీలం ఆకుపచ్చగా మారింది. పసుపుపచ్చ అయింది. చూస్తూ ఉండగానే ఇటుక రంగుకొచ్చి ఆగింది.

"ఇది నిన్నా ఇవాళా వచ్చింది కాదమ్మా. బిళ్లలు వేసుకోండి, అన్నం తగ్గించండి. రోజూ పొద్దున్నే గంటసేపు వడివడిగా నడవండి, ఒక్క రోజు కూడా మానడానికి వీల్లేదు. ఇంకో మాట. చెప్పులు లేకుండా గుమ్మం దాటొద్దు. మీ నాన్నగారి సంగతి మీరే చెప్పారుగా" అన్నారు.

బందరు బజారులోనే మావారు తోలు చెప్పులు కొనిపెట్టారు. బస్సులో వాటిని కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, నా కాళ్లవంక చూసుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడే అసలు చిక్కు తెలిసింది. ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడది ఊరికే నడవడమన్నది లేదు. చంకలో బిందె ఉంటే నీళ్లకి, నెత్తిన గంప ఉంటే పొలానికి, చేతిలో పళ్లెం ఉంటే గుడికి. చేతులూపుకుంటూ వెళ్లి చేతులూపుకుంటూ తిరిగొచ్చే ఆడదాన్ని ఊరు ఎన్నడూ చూడలేదు. నేను చెప్పులేసుకుని కృష్ణ కరకట్ట ఎక్కి నాలుగడుగులు వేశానో లేదో, కాలవ దగ్గర ఆడవాళ్లు బిందెలు దించి నిలబడిపోయారు. ఇంకొంచెం ముందుకి వెళ్తే వరిగడ్డి బండి తోలుకొస్తున్న పెద్దాయన ఎడ్లని నిలబెట్టాడు.

"ఏమ్మా, పుట్టింటికా? కోపతాపాలు ఏ ఇంట్లో ఉండవు చెప్పు. బండెక్కు, ఇంటికాడ దింపుతాను" అన్నాడు.

కాదు బాబాయిగారూ, ఆరోగ్యం కోసమండీ అంటే ఆయనకి మరింత జాలి వేసింది. చివరికి బండి వెనకాలే నడిచి ఇంటికొచ్చాను. సాయంత్రానికల్లా మా అత్తగారు నన్ను కొట్టిందని ఊరంతా పాకింది.

మా అత్తగారు మాటకి మాట అప్పజెప్పే మనిషి, కానీ బుర్ర చురుకు. "ఊరికే నడుస్తానంటే జనం ఊరుకోరే అమ్మాయ్. మొక్కని చెప్పు, ఒక్కళ్లు నోరెత్తితే ఒట్టు. మోపిదేవి స్వామికి మొక్కుకున్నాం, రోజూ కరకట్ట మీదుగా పుట్ట దాకా నడిచి ప్రదక్షిణం చేసి రావాలని చెబుదాం" అంది.

"మరి చెప్పులండీ?"

"మొక్కుకి చెప్పులేమిటే, తప్పు కాదూ" అని లెంపలు వేసుకుంది.

అలా నడకా చెప్పులూ అని డాక్టరుగారు చెప్పిన రెండింటిలో ఒకటి పెట్టెలోకి పోయింది. పైగా నన్ను పంపింది ఎక్కడికి? కరకట్ట దిగువన, తుమ్మల మధ్య, నాలుగు ఊళ్ల ఆడవాళ్లు పాలు పోసే పుట్ట దగ్గరికి. పాము పేరు వింటేనే గుండె జారిపోయే దాన్ని, రోజూ పొద్దున్నే వట్టికాళ్లతో వాటి ఇంటికే వెళ్లి పలకరించి రమ్మన్నమాట.

పసుపూ కుంకుమా ఉన్న పళ్లెం పట్టుకుని బయల్దేరేదాన్ని. గడ్డి మంచుకి తడిసి చల్లగా ఉండేది. ఎండుటాకు కదిలినా ప్రాణం పోయేది. అడుగు గట్టిగా వేస్తే పురుగు దానంతటదే తప్పుకుంటుందని అత్తగారు చెప్పింది కాబట్టి దబదబా అడుగులేసుకుంటూ పోయేదాన్ని. డాక్టరుగారు కోరిన వడి నాకు భయం వల్లే వచ్చింది. పుట్ట చుట్టూ కళ్లు సగం మూసుకుని తిరిగి, వెనక్కి చూడకుండా వచ్చేసేదాన్ని. దారిలో ఎదురైన ఆడవాళ్లందరూ నా ముఖం మానేసి పొట్టవైపు చూసేవారు. మొక్కు మగపిల్లాడి కోసమని వాళ్లే తేల్చేసుకున్నారు.

ఒకనాడు దారికడ్డంగా రక్తపింజర పడుకుని ఉంది. పళ్లెం అక్కడే వదిలేసి వచ్చాను. వారం పాటు గడప దాటలేదు. ఆ వారం చివర పశువుల పాక వెనక డాక్టరుగారిచ్చిన నీలం మందు కాస్తే ఇటుక రంగు వచ్చింది. రోజూ నడిచినప్పుడు అది ఆకుపచ్చ దగ్గరే ఆగేది. గొట్టం చేత్తో పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. బయట అది, లోపల ఇది. మర్నాడు పొద్దున్నే కొత్త పళ్లెం తీసుకుని మళ్లీ కరకట్ట ఎక్కాను.

వానలు వెనకబట్టాక ఒక రోజు నడిచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా వంటింట్లో పొయ్యి చూసుకుని వసారాలోకి వచ్చేసరికి గచ్చు మీద ఎర్రటి మరకలు. పాపని పట్టుకుని రెండు పాదాలూ తిప్పి చూశాను. ఏమీ లేదు. "దొడ్లో గాజుపెంకులు పారేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి ఈ ఇంట్లో" అని పనిమనిషి మీద కేకలేశాను. ఆమె కాళ్లూ బాగానే ఉన్నాయి. ఇక అత్తగారికేనేమో అని గాభరాగా ఆవిడ దగ్గరికి వెళ్లాను.

"అత్తయ్యా, మీ కాలు చూపించండి. ఎక్కడో గుచ్చుకుంది మీకు" అన్నాను.

ఆవిడ నా వెనక నేలవంక చూసింది. "అమ్మాయ్, కదలకు. అక్కడే నిలబడు" అంది. ఆ గొంతు అలా ఎప్పుడూ వినలేదు. వెనక్కి తిరిగి చూస్తే మరకలు వీధి గుమ్మం నుంచి వంటింటికి, వంటింటి నుంచి నా మడమ దాకా వచ్చి ఆగాయి.

తుమ్మముల్లు. మడమలో పూర్తిగా దిగి, పైకి కనిపించే కొస అరిగిపోయి ఉంది. కరకట్ట మీద నుంచి దాని మీదే బరువేసి నడిచొచ్చానన్న మాట. అత్తగారు పిన్నీసుతో తీస్తూ, "నొప్పి పుట్టడం లేదుటే" అని అడిగింది.

"నొప్పేం లేదండీ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చినట్టు లేదు. గుడివాడలో మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న మా నాన్న అన్నట్టే ఉంది.

బందరులో డాక్టరుగారు మా అందరినీ కలిపి తిట్టారు. సూదులు పొడిచారు, రోజు విడిచి రోజు కట్టు మార్చారు. ఆ పుండు మానే వరకూ నేను మనుషుల్లో లేను. కట్టు విప్పినప్పుడల్లా వాసన చూసేదాన్ని. నా ముక్కు మీద నాకే నమ్మకం లేక అత్తగారిని కూడా చూడమనేదాన్ని. ఆవిడ విసుక్కోకుండా వంగి చూసి "మందు వాసనేలే" అనేది. పుండు మానింది. అత్తగారు ఆ రోజు పెట్టె తెరిచి నా చెప్పులు తీసి, చీరచెంగుతో తుడిచి గుమ్మం దగ్గర పెట్టింది.

తరవాత కాలవ దగ్గరికి వెళ్లి అందరూ వినేలా చెప్పింది. "అసలు మొక్కు నాది. మోకాళ్లు సాయపడక ఇన్నాళ్లూ కోడలి చేత నడిపించాను. స్వామి కలలో కనబడి నువ్వే రావాలన్నాడు. అది నాకు తోడొస్తుందంతే."

మొక్కు మాట ఎలా ఉన్నా, స్వామి కలలోకి వచ్చాడని అబద్ధమాడే మనిషి కాదావిడ. ఆ రాత్రి దేవుడి గూటి ముందు ఎంతసేపు కూర్చుందో నాకు తెలుసు.

మర్నాటి నుంచి ఆవిడ వట్టికాళ్లతో కర్ర తాటిస్తూ ముందు, నేను చెప్పులతో వెనక. ఆవిడ మోకాళ్లు కదిలేవి కావు. "నాతో కుంటుతూ కూర్చుంటే నీ జబ్బు తగ్గదు. అల్లంత దూరం వెళ్లి వెనక్కి రా, మళ్లీ వెళ్లు" అనేది. అలా ఆవిడ ఒకసారి నడిచిన దారిని నేను ముందుకీ వెనక్కీ తిరుగుతూ నడిచేదాన్ని.

డాక్టరుగారు ఇంకో పని కూడా పెట్టారు. రోజూ ఎవరో ఒకరు నా పాదాలు పరీక్షగా చూడాలి. నేను కళ్లు మూసుకుంటే చీపురుపుల్లతో అక్కడక్కడా తాకాలి, ఎక్కడ తాకారో నేను చెప్పాలి. దీపాలు పెట్టే వేళకి అత్తగారు పీట వేసుకుని కూర్చుని నా కాళ్లు తన ఒళ్లోకి లాక్కునేది. మొదటి రోజు నేను కాళ్లు వెనక్కి లాగేసుకున్నాను.

"పెద్దవారు మీరు నా కాళ్లు పట్టుకుంటే నాకు పాపమండీ."

"ఆ పాపమేదో నాకే రాసుకోనీ. కళ్లు మూసుకో."

చిటికెనవేలు అనేదాన్ని. ఊఁ అనేది. చీలమండ అనేదాన్ని. ఊఁ అనేది. ఒక్కో ఊఁకి నాకు ఒక్కో ఊపిరి వచ్చేది.

కొన్నేళ్లకి ఒక సాయంత్రం అలాగే కళ్లు మూసుకుని కూర్చున్నాను. పశువులు ఇంటికొస్తున్న చప్పుడు వినిపిస్తోంది. వసారాలో పాప ఎక్కాలు చదువుతోంది. ఆవిడ పుల్ల వెతుక్కుంటోంది కాబోలనుకుని ఆగాను. ఇంకాసేపు ఆగాను.

"మొదలుపెట్టండి అత్తయ్యా" అన్నాను.

"ఆఁ, పెడుతున్నాలే" అని ఆవిడ నా బొటనవేలు వేళ్లతో గట్టిగా నొక్కింది.

"బొటనవేలు" అన్నాను.

"చూశావా, చక్కగా చెప్పావు. చాలు ఇవాళ్టికి" అంది.

కళ్లు తెరిచాను. ఆవిడ దీపం వత్తి సరిచేస్తున్నట్టు మొహం అటు తిప్పుకుంది. చీపురుపుల్ల రెండు ముక్కలై నా చిటికెనవేలి పక్కన పడి ఉంది. విరిగేదాకా నొక్కి చూసింది.

పొద్దున నేను లేచేసరికే ఆవిడ వీధిలో కర్ర పట్టుకుని నిలబడి ఉంది. నా చెప్పులు నా వైపు తిప్పి పెట్టి ఉన్నాయి. వాటిలో కాళ్లు పెట్టాను. సరిగ్గా దూరాయో లేదో వంగి చూసుకుంటే గానీ తెలియలేదు.

"ఇవాళ్టికి మానేద్దామా అత్తయ్యా, నాకు భయంగా ఉంది" అన్నాను.

"నాకూ భయంగానే ఉంది. పద" అంది.