సీతాఫల్‌మండి దారిలో పంక్చరు

నాయన కళ్లు మసకబారుతున్నాయని, ఇక కారు నడపకూడదని డాక్టరు చెప్పిన రోజే మా ఇంట్లో కారు అమ్మే మాట మొదలైంది. పందొమ్మిది వందల అరవైల చివరి సంవత్సరాలవి. కర్నూలు నుంచి వచ్చి తార్నాకలో అద్దెకుంటున్నాం. నాయన యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసేవాడు. నేను అదే క్యాంపస్‌లో ఫిజిక్స్ పాఠం చెప్పేదాన్ని. మా డిపార్ట్‌మెంటులో లెక్చరర్లందరిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

"అమ్మొద్దు నాయనా. నేను నడుపుతా" అన్నాను.

అమ్మ గరిటె పక్కన పెట్టి నా వంక చూసింది. నాయన అన్నాడు, "నడిపేది పదైదు దినాల్లో వస్తుంది పాపా. చక్రం మార్చేది వచ్చినాకనే నువ్వు గేటు దాటాల. యాడన్నా ఆగిపోతే ఎవురి కోసమో ఎదురుచూస్తా నిలబడేది నాకిష్టం లేదు."

ప్రతి ఆదివారం పొద్దున ఇంటి ముందు ఖాళీ జాగాలో పాఠం. ఆయన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కళ్లు సరిగా కనిపించకపోయినా చప్పుడు విని తప్పు పట్టేవాడు. మొదటిరోజు నట్లు వదులు చేయకుండానే జాకీ ఎత్తేశాను. పానా తిప్పితే నట్టు రాలేదు, గాలిలో ఉన్న చక్రమే గిర్రున తిరిగింది. రెండో ఆదివారం జరిగింది ఇంకా పెద్ద తప్పు. ముందురోజు వానకు నేల మెత్తబడి ఉంది. నేను చక్రం ఊడదీసి పక్కన పెట్టానో లేదో, జాకీ ఒక వైపు మట్టిలోకి దిగి కారు దభీమని కూలబడింది. అంతకు ఒక్క నిమిషం ముందు నా చెయ్యి అక్కడే ఉంది.

నాయన కుర్చీలోంచి లేచి తడుముకుంటూ వచ్చాడు. ముందు నా రెండు చేతులూ పట్టుకుని వేళ్లన్నీ వరసగా తాకి చూశాడు. ఆ తర్వాతే, "జాకీ ఎత్తేదానికే. దాన్ని నమ్మి కింద చెయ్యి పెట్టగూడదు, కాలు పెట్టగూడదు. నేల మెత్తగా ఉంటే కింద పలక వెయ్యాల" అన్నాడు. ఆ రోజు నుంచి డిక్కీలో ఒక మందపాటి టేకు పలక ఉండేది.

మా ఇంటి ఓనరమ్మ గోడ మీదుగా ఇదంతా చూస్తుండేది. మనసు మంచిదే గానీ నోరు ఊరుకునేది కాదు. "ఏంది బిడ్డా గీ పని? రేపు నిన్ను చూడనీకి అచ్చినోళ్లు ఏమనుకుంటరు?" అంది.

"వస్తే వాళ్లనూ ఒక చెయ్యి వెయ్యమంటాను" అన్నాను.

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. నాయన నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది.

లైసెన్సు వచ్చింది. కారులో క్యాంపస్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. మా డిపార్ట్‌మెంటులో స్కూటరు మీద వచ్చే లెక్చరరు ఒకాయన ఉండేవాడు. ఒకరోజు అందరం టీ తాగుతుంటే, "రోడ్డు మీద టైరు పోతే మేడం కొంగుతో విసిరి గాలి నింపుతారేమో" అన్నాడు. అందరూ నవ్వారు. మా హెడ్డు కూడా నవ్వారు. నేను కప్పు ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చుని తాగి లేచాను.

ఆ ఫిబ్రవరిలో సీనియర్ల ప్రాక్టికల్ పరీక్షలకు బయటి ఊరి నుంచి పరీక్షాధికారి వస్తున్నారు. పొద్దున్నే సికింద్రాబాద్ స్టేషన్లో దిగుతారు. పంపాల్సిన జీపు చెడిపోయింది. హెడ్డు గారు ఇంకెవరైనా దొరుకుతారేమోనని చివరిదాకా చూసి, ఇష్టం లేకుండానే నన్ను వెళ్లమన్నారు.

వచ్చినాయన అరవైకి దగ్గరగా ఉన్నారు. పంచె, కోటు, చేతిలో తోలు సంచి. డ్రైవరు ఎక్కడని అడిగారు. నేనేనన్నాను. వెనక సీట్లో కూర్చుని దారి పొడవునా ముందు సీటు అంచు పట్టుకునే ఉన్నారు. చిలకలగూడ దాటాం. సీతాఫల్‌మండి దాటి క్యాంపస్ వైపు ఎక్కుతుంటే కారు ఎడమ వైపుకి లాగడం మొదలుపెట్టింది. వెనక చక్రం కొట్టుకుంటున్న చప్పుడు.

అక్కడ ఎత్తుగా ఉంది. ఆపలేదు. టైరు నలిగితే నలిగిందని నెమ్మదిగా పోనిచ్చి, రోడ్డు చదునుగా ఉన్నచోట పక్కకి దింపి హ్యాండ్ బ్రేకు లాగాను. గేరు వేసి ఉంచాను.

"దయచేసి దిగండి సార్. అదుగో, ఆ గోడ దగ్గర నిలబడండి."

"ఎవరినైనా పిలుద్దామమ్మా."

"అవసరం లేదు సార్. రెండు రాళ్లు తెచ్చిపెట్టగలరా? పెద్దవి."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, సంచి గోడ మీద పెట్టి, నిజంగానే రాళ్లు వెతకడానికి వెళ్లారు. నేను చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని డిక్కీలోంచి జాకీ, పలక, స్టెప్నీ దించాను. ఆయన తెచ్చిన రాళ్లు ముందు చక్రానికి చెరో వైపు పెట్టాను.

అప్పటికే జనం చేరారు. పాలక్యాన్ల సైకిలాయన ఒకడు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు నలుగురైదుగురు. "జరుగు అక్కా, మేం చేస్తం" అన్నాడు సైకిలాయన.

"వద్దన్నా. కొంచెం దూరంగా ఉండండి, చాలు."

నాలుగు నట్లలో మూడు కదిలాయి. నాలుగోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగినా రాలేదు. సరిగ్గా అప్పుడే స్కూటరు చప్పుడు. మా లెక్చరరే. స్కూటరు స్టాండు వేసి, చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. ఒక్క మాట అడగకుండా జాకీ తీసుకుని కారు కింద పెట్టి తిప్పబోయాడు.

"సార్, జాకీ వదలండి."

"టైమైపోతుంది మేడం. ఇవి మీ పనులు కావు."

"ఇంకా ఒక నట్టు వదులు కాలేదు. ఎత్తాక దాంతో కుస్తీ పడితే కారు జాకీ మీంచి జారుతుంది. ఇది నా కారు. వదలండి."

గట్టిగానే అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. జాకీ కింద పెట్టి వెనక్కి జరిగాడు. నేను చెప్పులు విడిచి, పానా నట్టుకి తగిలించి, కారు పట్టుకుని పానా పిడి చివర ఎక్కి నిలబడ్డాను. ఒకసారి ఊగాను. రెండోసారి ఊగాను. కీచుమని నట్టు తిరిగింది. వెనక ఎవరో "శభాష్" అన్నారు. తిరిగి చూడలేదు.

మిగతాదంతా ఇంటి ముందు చేసినట్టే చేశాను. పలక మీద జాకీ పెట్టి ఎత్తాను. పాతది తీసి స్టెప్నీ ఎక్కించాను. నట్లు ఒకదాని తర్వాత దాని ఎదుటిది, అలా బిగించాను. కారు దించాక మళ్లీ ఒకసారి ఒళ్లంతా బరువేసి బిగించాను. పరీక్షకి ఇంకా గంట ఉండగానే క్యాంపస్ చేరాం. పరీక్షాధికారి ఈసారి ముందు సీట్లో కూర్చున్నారు. తన కూతురు బి.ఎస్సీ. చదువుతోందని, సైకిలు కొనిమ్మంటే తాను ఒప్పుకోలేదని చెప్పారు.

వారం తర్వాత హెడ్డు గారు గదికి పిలిపించారు. "చూడమ్మా, నడిరోడ్డు మీద చీర ఎత్తి దోపుకుని, పదిమందిలో పానా ఎక్కి నిలబడ్డావట. డిపార్ట్‌మెంటుకి ఒక పరువుంది కదా."

"అందులో పరువు పోయేది ఏముందో కాగితం మీద రాసివ్వండి సార్. నేనూ కాగితం మీదే జవాబిస్తాను" అన్నాను.

ఆయన రాయలేదు. కానీ ఆ మాట ఎలాగో బయటికి పొక్కింది. పై వారం క్లాసయ్యాక ముగ్గురు అమ్మాయిలు నా బల్ల దగ్గర ఆగారు. వాళ్లలో ఒకామెది జనగామ దగ్గర రైతు కుటుంబం. హాస్టల్లో ఉంటోంది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పేది కాదు. "మేడం, చక్రం మార్చుడు మాకు గూడ నేర్పుతరా?" అని అడిగింది.

"కారు లేదు కదమ్మా మీకు" అన్నాను, ఆమె ఏమంటుందో చూద్దామని.

"ఇయ్యాల లేదు" అంది.

శనివారం మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు ముందు చెట్టు నీడలో కారు పెట్టాను. ముగ్గురనుకుంటే తొమ్మిదిమంది వచ్చారు. లీవరు సూత్రం నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో. ఆ రోజు పానా పిడికి ఒక ఇనప గొట్టం తొడిగి, బక్కపల్చటి అమ్మాయితో ఒంటిచేత్తో నట్టు తిప్పించాను. అందరికీ ఒక్కసారే అర్థమైంది. జనగామ అమ్మాయి చక్రాన్ని మోకాలి మీదికి తీసుకుని ఎత్తిన తీరు చూస్తే, బరువు మోయడం నేనే ఆమె దగ్గర నేర్చుకోవాలనిపించింది.

సగంలో ఉండగా ప్యూను చీటీ తెచ్చాడు. హెడ్డు గారు రాశారు: వెంటనే ఇది ఆపి నా గదికి రావలెను.

తలెత్తి చూశాను. మేడ మీద కిటికీలో ఆయన, పక్కన స్కూటరు లెక్చరరు నిలబడి ఉన్నారు. అమ్మాయిలు చేతులు ఆపి నా మొహం చూస్తున్నారు. చీటీ వెనక్కి తిప్పి, బానెట్ మీద పెట్టి రాశాను: "కారు జాకీ మీద ఉన్నది. ఇలా వదిలి రావడం ప్రమాదం. పని పూర్తయ్యాక వస్తాను."

ప్యూను చీటీ చదివి, నా వైపు చూసి, చాలా నెమ్మదిగా మెట్లెక్కాడు.

ఆ తర్వాత నాకు రావాల్సిన ప్రమోషను ఏడాదిన్నర ఆలస్యమైంది. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. శనివారం పాఠం మాత్రం ఆ ఏడు సెలవులిచ్చేదాకా ఒక్క వారం కూడా ఆపలేదు.