కలెక్టరు మిద్దె

గార్లదిన్నెకు ఐదు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళో నలభై మిద్దెలున్నాయి. పేరున్నది మాత్రం ఒక్కదానికే. కలెక్టరు మిద్దె. అందులో సుంకన్న, అతని భార్య లక్ష్మక్క ఉండేవాళ్ళు. వేరుశనగ సంచుల మూతులు కుట్టడం సుంకన్న పని. దబ్బనం, పురికొస, భుజాన ఒక కంబళి, అంతే అతని సంపద. అయినా ఎవరైనా కొత్తవాళ్ళు కనబడితే చాలు, పేరుకంటే ముందు "కలెక్టరు పండుకున్న అరలో పండుకుంటాన్నోణ్ణి" అనేవాడు. ఏళ్ళ తరబడి విని విని నాకు ఒళ్ళు మండేది.

2003లో వాన మొహం చాటేసింది. కాయలే లేనప్పుడు సంచులతో ఎవరికి పని? సరిగ్గా అప్పుడే రోడ్డు వెడల్పు చేస్తామని సర్వేయరు వచ్చి మిద్దె గోడమీద ఎర్రరంగుతో గీత గీసి పోయాడు. సుంకన్న నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. ఐదోనాడు నా దగ్గరికొచ్చాడు. ఊళ్ళో అర్జీలు రాసేది నేనే.

"కలెక్టరున్న ఇల్లు యాడన్నా పడగొడతారా అన్నా? నువ్వు రాయి."

"ఏ కలెక్టరప్పా? పేరేమి?"

 ఇన్నేళ్ళ గొప్పకు పేరు లేదు.

అర్జీ అయితే రాశాను. సర్వేయరు మంచివాడే, కోస్తా మనిషి. నెలలోగా రుజువు చూపిస్తే పైకి రాస్తానన్నాడు. ఇద్దరం అనంతపురం పోయి, పాత కలెక్టర్ల జాబితా సంపాదించి, వేలుపెట్టి చదివాం. మా ఊళ్ళో కాపురమున్న మహానుభావుడు అందులో ఎవరూ తేలలేదు. ఇక ముసలివాళ్ళ మీద పడ్డాం. నేను కొత్త నోటుబుక్కు కొని అన్నీ రాసుకున్నాను.

"తెల్లగ ఉండె" అన్నాడొకాయన.

"గడ్డముండె. ఎండాకాలం గూడా ఉన్ని మీదనే ఉండె" అంది ఒక అవ్వ.

"ఎవురితోనూ మాట్లాడకపాయె. పెట్టింది తినె. ఒకనాడు కనపడకపాయె" అన్నాడు ఇంకొకాయన.

'మితభాషి. నిరాడంబరుడు. బదిలీ అయి ఉండవచ్చు' అని నేను రాసుకున్నాను. బుద్ధిలేనివాణ్ణి. మా సీమ 'ఉండె'లో మనిషీ గొడ్డూ ఒకటే. కోస్తావాళ్ళయితే ఉండేవాడా, ఉండేదా అని అక్కడే తేల్చేసేవాళ్ళు. మేం కలెక్టరు గురించి అడిగాం, వాళ్ళు కలెక్టరు గురించే చెప్పారు. ఎవరి తప్పూ లేదు.

గడువు నాటికి మా దగ్గరున్న పెద్ద సాక్షి తిరుపాలమ్మ. ఎనభై దాటింది, సుంకన్నకు వరసకు పెద్దమ్మ, అతనికి బొడ్డు కోసింది కూడా ఆమే. చెవుడని ఆమెను అడగడం చివరికి పెట్టుకున్నాం. సర్వేయరు మిద్దె ముందు కుర్చీ వేసుకుని గట్టిగా అడిగాడు.

"అవ్వా! కలెక్టరు ఈ ఇంట్లో ఉన్న మాట నిజమేనా?"

"ఉండె సామీ. మూడేండ్లు."

సుంకన్న మీసం దువ్వాడు.

"ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"ముదిగుబ్బ సంతలోనించి వీళ్ళ నాయన తోలుకొచ్చె."

కలం ఆగింది. "తర్వాత ఎక్కడికి వెళ్ళారు?"

"యాడికి పోతాది సామీ? కోస్తిమి కదా!"

ఆ 'ది' వినేసరికి నా నోటుబుక్కు జారి కిందపడింది.

"పొట్టేలు సామీ" అంది తిరుపాలమ్మ, అంతమాత్రం తెలియదా అన్నట్టు. "మారెమ్మకు ఇడిసిన పొట్టేలు. ఏటా ఎవురో కలెక్టరు కరువు సూసేకి వస్తాండె. సేను సూసె, పెట్టింది తినె, తల ఊపె, పాయె. ఇదీ అంతే. అందుకే ఆ పేరు పెడితిమి."

లక్ష్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వు ఆగలేదు. సుంకన్న మొహం చూశాక ఆగింది. పట్టపగలు నలుగురిలో బట్టలు ఊడిన మనిషిలా ఉన్నాడు.

"అమ్మవారి పొట్టేల్ని కోస్తారా పెద్దమ్మా?" అన్నాడు చిన్నగా.

ఆమెకు వినపడలేదో ఏమో, అతని గడ్డం పట్టుకుంది. "గంజి కేంద్రాల కరువప్పా అది. నువ్వు నెల బిడ్డవి. మీయమ్మకు సుక్క పాలు లేవు. నీకు ఏడిసేకి గూడా గొంతు లేదు. మీ నాయన మారెమ్మ ముందర బోర్లాపడి, తప్పు కట్టుకుంటానమ్మా, నా కొడుకును ఇడ్సు అన్యాడు. నేనే శేర్వా కాసి మీయమ్మకు తాపితి. పదైదు దినాలు. అమ్మసొత్తు తింటిమని ఎవురికీ చెప్పుకోలే."

సుంకన్న గోడకు ఆనుకుని, సరిగ్గా ఎర్రగీత కిందనే కూలబడి ఏడ్చాడు. చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు అతని మీద విసుక్కున్నందుకు సిగ్గేసింది.

సర్వేయరు మళ్ళీ కలం అందుకున్నాడు. కాగితం మీద ఇలా రాశాడు: 'కలెక్టరు ఈ ఇంట మూడేండ్లు నివసించి, కరువులో స్థానికుల ప్రాణం నిలిపి, ఇచ్చటనే మరణించినట్లు సాక్షి చెప్పినది.' తిరుపాలమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

రెండు నెలలకు జవాబొచ్చింది. రోడ్డు ఎదురుగా ఉన్న బీడులోకి ఆరడుగులు జరిగింది. కింద ఇంకో వాక్యముంది: సదరు కలెక్టరు ఫోటో ఒకటి దాఖలుకు పంపవలెను.

"ఇప్పుడేం చేస్తావప్పా?" అన్నాను. నాకు మళ్ళీ చిరాకు మొదలైంది.

సుంకన్న గడ్డం గీసుకోవడం మానేశాడు. నెల తర్వాత, మండే ఎండలో కంబళి కప్పుకుని, అనంతపురంలో స్టూడియోకు పోయి ఫోటో దిగి వచ్చాడు. దాన్ని నా ముందు పెట్టి పంపమన్నాడు.

"ఇది నువ్వు కదప్పా!"

"ఆయప్ప యాడుండాడంటే ఏం చెప్పేదన్నా?" అని అతను కడుపు తట్టుకున్నాడు. "ఈడనే కదా ఉండాడు."

నేను కవరు మీద చిరునామా రాశాను.