సోమవారం పట్టేసే ఊపిరి

మార్చిలో ఒక పొద్దున, లిఫ్ట్ కోసం ఆగే ఓపిక లేక పాలడబ్బా పట్టుకుని మెట్లెక్కాను. రెండో అంతస్తు దాటేసరికి ఊపిరి అందలేదు. కుదురుగా కూర్చునే మనిషిని కాను నేను. అలాంటిదాన్ని మెట్టు మీద కూలబడితే భయంకన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

నేనుండేది అమెరికాలో, మా అమ్మాయి సునీత దగ్గర. అదే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఎక్స్‌రే తీసి ఆస్తమా అన్నారు. ఫారంలో ఏం పనిచేసేవారన్న చోట సునీత ‘హౌస్‌వైఫ్’ అని రాసింది. గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో, దూది ఏకే కార్డింగ్ మెషీన్ల మధ్య ఇరవై రెండేళ్లు పనిచేసి దాన్ని చదివించాను.

“అదేంటే, అట్లా రాశావు?”

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? మానేసి పదేళ్లయింది.”

ఒళ్లు మండింది. అయినా ఫారం అట్లాగే ఇచ్చేశాం.

ఇన్‌హేలర్‌తో తగ్గలేదు. మేలో న్యుమోనియా వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికొచ్చాక పడుకోలేను, కూర్చోలేను. కారిడార్‌లో అటూ ఇటూ తిరిగేదాన్ని. జార్జియాలో మేముండే ఈ బిల్డింగ్ నూటముప్పై ఏళ్ల కిందట నూలు మిల్లు. గోడ మీద అప్పటి పనివాళ్ల ఫొటో ఉంది. వాళ్ల జుట్టు నిండా దూది నూగే. ఆ నూగు నాకు కొత్తా!

ఒకరోజు ఎదురింటి ముసలామె నా దగ్గు విని ఆగింది. ఫొటోలో ఒక పిల్లని చూపించి “మై గ్రాండ్‌మదర్” అంది. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని అడిగింది: “వర్స్ ఆన్ మండే?”

ఓరి దేవుడా! ఆదివారం సెలవయ్యాక సోమవారం మిల్లులో అడుగుపెట్టగానే మా అందరికీ ఊపిరి పట్టేసేది. సెలవిస్తే ఒళ్లు బరువెక్కుతుందని సూపర్‌వైజర్ నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

ఆ వారమే లంగ్ స్పెషలిస్ట్ దగ్గర, సునీత నోరు తెరిచేలోపే చెప్పేశాను: “కాటన్ మిల్. ట్వంటీ టూ ఇయర్స్. మండే, నో బ్రీత్.”

ఆయన టైప్ చేయడం ఆపాడు. “నోబడీ టోల్డ్ మీ,” అన్నాడు. గొట్టంలోకి ఊదించే పీఎఫ్‌టీ పరీక్ష చేయించి, దూది నూగు పీల్చడం వల్ల వచ్చే బిసినోసిస్ అని తేల్చాడు. పోయిన ఊపిరి తిరిగిరాదట, ఉన్నది కాపాడుకోవాలట.

కార్‌లో సునీత ఏడ్చింది. “సిగ్గుపడ్డానమ్మా.”

“తెలుసులేవే,” అన్నాను. నాకూ ఏడుపొచ్చింది.

ఇప్పుడు మందులు మారాయి. రోజూ కారిడార్‌లో నాలుగు రౌండ్లు నడుస్తాను. రెండో రౌండ్‌కే ఆ పిల్ల ఫొటో దగ్గర ఆగాల్సి వస్తుంది. వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర దాపరికం పనికిరాదంటారు. మీ అమ్మానాన్నలు ఏ పని చేసి మిమ్మల్ని పెంచారో, ఫారంలో ఆ పనే రాయండి.

పోయిన వారం కొత్త ఫారం ఇచ్చారు. పెన్ను సునీతకే ఇచ్చాను. ‘కాటన్ మిల్ వర్కర్, 22 ఇయర్స్’ అని ఎంత పెద్దగా రాసిందంటే, గడి చాల్లేదు.