అల్ థఖీరాలో ఆలస్యమైన ఆటు

1996 మార్చిలో నేను దోహాలో, ఓడ సరుకులు తనిఖీ చేసే ఒక కంపెనీలో సీనియర్ సర్వేయరుగా ఉన్నాను. రాజీనామా ఇచ్చి మూడు వారాలయింది. నోటీసు కాలంలో ఇంకొక్క వారం మిగిలింది. నేను చెప్పబోయేది ఆ వారంలో వచ్చిన శుక్రవారం సంగతి.

సర్వేయరు అనగానే పొలాలు కొలిచేవాడనుకుంటారు. మేము కొలిచేది ఓడల్ని. ఓడకు ముందు, మధ్య, వెనుక, రెండు పక్కలా అంకెలు రాసి ఉంటాయి. నీళ్ళు ఏ అంకె దగ్గర ఉన్నాయో చూస్తే ఓడ ఎంత లోతు మునిగిందో తెలుస్తుంది. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. రేవు వైపు అంకెలు గట్టు మీద నిలబడి చదవచ్చు, సముద్రం వైపువి చదవాలంటే చిన్న పడవలో వెళ్ళాలి. అల లేస్తూ పడుతూ ఉంటుంది కాబట్టి ఓపిగ్గా చూసి సగటు తీయాలి. బకెట్టుతో నీళ్ళు తోడి సాంద్రత చూడాలి, ఓడ అడుగు ట్యాంకుల్లో ఎంత నీరుందో చూడాలి. ఇదంతా సరుకు ఎక్కకముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి. రెంటికీ మధ్య తేడాయే సరుకు బరువు. ఓడ చీఫ్ ఆఫీసరూ నేనూ సంతకాలు పెట్టగానే నా పని సరి. ఆ పైన అక్కడ ఒక్క నిమిషం ఉన్నా దండగే, ఎందుకంటే మరో రేవులో మరో ఓడ కాచుకుని ఉంటుంది.

కాకినాడలో జూనియరుగా మొదలుపెట్టి ఇరవయ్యారేళ్ళు ఇలా కాలికి బలపం కట్టుకుని తిరిగాను. అందులో చివరి పదకొండేళ్ళు దోహా నుంచి ఉమ్ సయీద్, బహ్రైన్, దమ్మామ్, మస్కట్, ఫుజైరా. సెలవుకు ఇంటికొస్తే చుట్టాలు "అబ్బో, ఎన్ని దేశాలు చూశారండీ!" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. గానుగెద్దు కూడా రోజూ కోసుల కొద్దీ నడుస్తుంది. నేను చూసినదల్లా రేవు గేటు, తాడు నిచ్చెన, నీటి అంచున ఒక అంకె, మళ్ళీ విమానాశ్రయం.

ఆ తాడు నిచ్చెన దగ్గరే మోకాళ్ళు మొరాయించాయి, రాజీనామా రాశాను. అయితే మా మేనేజరు వదల్లేదు. నిచ్చెన ఎక్కడానికి ఒక జూనియర్ని ఇస్తాను, నువ్వు వెంట తిరిగి సంతకం పెడితే చాలు, ఇంకో రెండేళ్ళు ఉండు అన్నాడు. శుక్రవారం సాయంత్రం ఆయన సెలవు మీద వెళ్తున్నాడు. మనసు మారితే నాలుగు గంటలలోపు తన ఇంటికి కాగితం తెచ్చివ్వాలి, లేకపోతే శనివారం నా స్థానంలో వేరే మనిషికి కాంట్రాక్టు వెళ్ళిపోతుంది.

నిజం చెప్పాలంటే నాకు భయం పట్టుకుంది. ఇంటి దగ్గర మూడో రోజుకే గోడ గడియారంతో తగువు పెట్టుకునే మనిషిని నేను. గురువారం సాయంత్రం ఆఫీసులో కూర్చుని, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నానని రెండు వాక్యాలు టైపు చేసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఈ సంగతి నా భార్య సత్యవతికి చెప్పలేదు.

ఆమె అప్పటికి పది రోజులుగా దోహాలోనే ఉంది. కుటుంబాన్ని తెచ్చుకునే హోదా నాకెప్పుడో వచ్చినా, నెలలో ఇరవై రోజులు బయట ఉండేవాడి ఇంట్లో ఆమె ఏం చేస్తుందని తీసుకురాలేదు. ఏటా ఒకే మాట చెప్పేవాణ్ణి: "రిటైరయ్యాక తీరిగ్గా అన్నీ చూద్దాం." చివరికి నోటీసు కాలంలో విజిట్ వీసా తీయించాను. ముషైరిబ్‌లో మా ఫ్లాటు. నేను డ్యూటీకి పోగానే ఆమె ఒక్కతే సూక్ వాకిఫ్ బజారు దాకా నడిచి, మసాలా దినుసుల కొట్లన్నీ తిరిగి, బేరాలు కూడా నేర్చేసింది.

ఆ బుధవారం అన్నం తింటూ అడిగింది, "పదకొండేళ్ళున్నారు కదండీ, ఈ దేశంలో చూడాల్సినవి ఏంటి?" నేను ఉమ్ సయీద్ రేవులో ఎరువుల ఓడలు ఆగే బెర్తు గురించి మొదలుపెట్టాను. ఆమె చెయ్యి కడుక్కోవడానికి లేచింది. నాకు సిగ్గేసింది.

మా భవనం కింద ఒక బకాలా ఉండేది, అంటే చిన్న కిరాణా కొట్టు. అక్కడికి ఆవకాయ కోసం వచ్చే ఓబులేసు నాకు పరిచయం. నలభై ఏళ్ళ మనిషి, కడప జిల్లా రాయచోటి దగ్గరి వాడు. ముఐథర్‌లో ఒక ఖతరీ దేశస్థుడి ఇంట్లో ఆరేళ్ళుగా హౌస్ డ్రైవరు. ఆ వారం వాళ్ళ కఫీలు, అదే యజమాని, కుటుంబంతో మక్కా యాత్రకు వెళ్ళడంతో అతనికి తీరిక దొరికింది. ఎక్కడికి వెళ్దామని అడిగితే తడుముకోకుండా చెప్పాడు: "థఖీరాకు పోదాం సార్. ఈ ఎడారిలో సముద్రం నీళ్ళల్లో అడివి ఉండాదంటే నమ్మరు మీరు. మా కఫీలు నెలకోతూరి పిల్లోల్లను తీసకపోతాడు."

నీళ్ళల్లో అడవి అనగానే నాకు తోచింది ఒక్కటే, ఆటు ఎప్పుడు అని. నీరు బాగా దిగినప్పుడు వెళ్తేనే లోపలికి నడవగలం. దోహా రేవు ఆటుపోట్ల పట్టిక నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. శుక్రవారం పూర్తి ఆటు పది గంటల నలభై నిమిషాలకు. ఇంకేం, కాగితం మీద కార్యక్రమం రాసేశాను. తొమ్మిదికి బయలుదేరాలి. అల్ ఖోర్ పడవల రేవులో పదిహేను నిమిషాలు, థఖీరాలో నలభై నిమిషాలు. ఒంటిగంటకు ఇల్లు, భోజనం. నాలుగు లోపు మేనేజరు ఇంటికి వెళ్ళే పని మాత్రం ఆ కాగితం మీద రాయలేదు.

అల్ ఖోర్‌లో చెక్క పడవల మీద తీగతో అల్లిన చేపల బుట్టలు గుమ్మటాల్లా పేర్చి ఉన్నాయి. చేప లోపలికి ఎలా పోతుంది, బయటికెందుకు రాలేకపోతుంది అని సత్యవతి ఒక బుట్ట ముందు కూర్చుని వేలు పెట్టి చూస్తోంది. నేను గడియారం చూసి, చూశాం కదా, పదమన్నాను.

"మీరు చూడ్డానికి రాలేదండీ, సంతకం పెట్టడానికొచ్చారు," అంది లేస్తూ. ఓబులేసు నవ్వు ఆపుకోవడానికి బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

థఖీరా చేరేసరికి సరిగ్గా పదీ నలభై. అడవి ఉంది, కాదనను. ఇసుక నేల అంచున పచ్చగా, దట్టంగా పొదలు. కానీ అన్నీ నడుం లోతు నీళ్ళలో ఉన్నాయి. అడుగు పెట్టే దారి లేదు.

పట్టిక ప్రకారం ఇదే పూర్తి ఆటు, నీళ్ళు ఇంతకంటే తగ్గవు అని ప్రకటించాను.

"తగ్గుతాయి సార్," అన్నాడు ఓబులేసు. "మావోల్లు వచ్చినప్పుడు మద్యాన్నం దాకా గట్టు మీదనే కూచుంటారు, ఆయాల్టికి గానీ దిగరు."

ఇరవయ్యారేళ్ళు నీళ్ళు చదివినవాడికి డ్రైవరు చెప్పడమా! నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించాను. పేజీ తెరిచి అతనికి చూపించాను కూడా. ఇంతలో గట్టు మీద చతికిలబడిన సత్యవతి పిలిచింది. "ఏవండీ, అదిగో ఆ మేకులాంటిది, ఇందాక లేదు."

చూస్తే మడచెట్టు ఊపిరి వేరు. బురదలోంచి నిటారుగా పైకి పొడుచుకొచ్చే వేరు అది. దాని పక్కన ఇంకోటి బయటపడుతోంది. నీళ్ళు దిగుతూనే ఉన్నాయి. అప్పుడు గానీ నాకు బుర్ర పనిచేయలేదు. పట్టికలో ఉన్నది దోహా రేవు సమయం. ఇది లోతు తక్కువ, ఇరుకైన కాలువ. బయట సముద్రం దిగిపోయినా లోపలి నీరు వెళ్ళడానికి సమయం పడుతుంది. రేవు పట్టికను రేవు బయట నమ్మొద్దని జూనియర్లకు పాఠం చెప్పినవాణ్ణి నేనే. వాళ్ళలో ఎవడైనా ఈ పని చేసి ఉంటే చెడామడా తిట్టేవాణ్ణి.

వెనక్కి పోదామా అంటే సత్యవతి కదల్లేదు. ఆమెది తాళ్ళరేవు వైపు ఊరు, మడ అడవి పక్కన పెరిగిన మనిషి. ఒక ఆకు తుంచి నాకి, "అదే ఉప్పు!" అంది ఆశ్చర్యంగా. ఆకు వెనక ఉప్పు పొడి అంటుకుని ఉంది. వాళ్ళ ఊళ్ళో ఈ ఆకు గేదెలు తినేవట. ఇక్కడ ఎవరు తింటారని అడిగితే ఒంటెలు తింటాయన్నాడు ఓబులేసు. ఆ జవాబుకు ఆమె చాలాసేపు సంతోషించింది.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. ఒక ఎండు కర్ర వెతికి, జేబులోని కొలత టేపుతో కింది నుంచి రెండేసి సెంటీమీటర్లకొక గీత గీసి, కాలువలో పాతాను.

"మళ్ళీ డ్యూటీయేనా?" అంది.

"కాదు. అసలు ఎప్పుడు ఆగుతుందో చూద్దామని."

"లెక్క ఎవరికివ్వాలి?"

నేను ఆలోచించాను. "ఎవరికీ ఇవ్వక్కర్లేదు."

"అయితే మీరు చదవండి, నేను రాస్తాను," అంటూ నా కార్యక్రమం కాగితం తిరగేసి పెన్ను పట్టుకుంది.

పది నిమిషాలకోసారి చదివాను. ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, ఇరవై ఆరు. మధ్యమధ్య పీతలు ఇసుకను ఉండలు చేసి బొరియల చుట్టూ పేర్చడం చూశాం. తొమ్మిదో గీత దగ్గర నీరు నిలిచిపోయింది. పన్నెండూ యాభై. పట్టిక కంటే రెండు గంటల పది నిమిషాలు ఆలస్యం! సంతకం లేని ఒక అంకెకు నేను అంత సంబరపడడం అదే మొదలు. ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాను, సత్యవతి అప్పటికే చీర దోపుకుని ముందు నడుస్తోంది.

వెనక్కి తిరిగి ఆమె ఓబులేసును పిలిచింది. అతను బండి పక్కనే నిలబడి ఉన్నాడు.

"నేనెట్ల వచ్చేదమ్మా, బండికాడ ఉండల్ల కదా. కఫీలు యల్లా, పోదాం అంటే ఎంటనే తీయల్ల."

"ఇవాళ మీ కఫీలు లేడుగా! ఆరేళ్ళల్లో ఒక్కసారీ దిగలేదా?"

"లేదమ్మా." నావైపు చూశాడు. "దిగుదునా సార్?"

అతను నన్ను అనుమతి అడగడం నాకు గుచ్చుకుంది. థఖీరాకు దారి చెప్పినవాడు, ఆటు సమయం చెప్పినవాడు, నీళ్ళు తాకలేదు. దిగమని గట్టిగా అరిచాను. చెప్పులు విడిచి బురదలో రెండడుగులు వేసి, "ఓయమ్మా, కాళ్ళ కింద చక్కిలిగింతలు పెడతాండాది!" అని చిన్నపిల్లాడిలా గెంతాడు. సత్యవతి పగలబడి నవ్వింది.

రెండున్నరయింది. నాలుగుకు దోహాలో ఉండాలంటే ఇక బయలుదేరాలి. దాచి లాభం లేదని గట్టు మీద కూర్చుని జేబులోని ఉత్తరం ఆమె చేతికిచ్చాను. చదివి, మడిచింది. కోపం రాలేదు, అదే నన్ను కంగారు పెట్టింది.

"ఇవ్వాలనుంటే పదండి, ఇప్పుడే వెళ్దాం. దారిలో ఒక్క మాట కూడా అనను," అంది. "కానీ రిటైరయ్యాక చూద్దాం అని మాత్రం ఇంకెప్పుడూ అనకండి. నాకు చూడ్డం వచ్చేసింది. నేనొక్కదాన్నే తిరగగలను."

"నాకోసం ఆగవా?"

"ఇరవయ్యారేళ్ళు ఆగాను కదండీ."

భయం అలాగే ఉంది, గోడ గడియారం బెంగా అలాగే ఉంది. కానీ ఆమె లేచి నాకంటే ముందు ఎటో నడిచి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది. అప్పటికే నీరు కర్ర మీద మళ్ళీ పాకుతోంది. పోటు కూడా రెండు గంటలు ఆలస్యంగానే నిండుతుందా అని మనసులో ఒక ప్రశ్న మొదట్నుంచీ మెదులుతూనే ఉంది. అదే పైకి అడిగాను.

"నాకేం తెలుసు? కూర్చుంటే తెలుస్తుంది," అంది. "కాగితం నిండిపోయింది మరి."

"నీ చేతిలో ఉందిగా," అన్నాను.

ఆమె ఆ ఉత్తరం వెనక్కి తిప్పి, పైన సమయం అనీ గీత అనీ రెండు వరసలు గీసింది.

పోటు అయిదున్నరకు నిండింది. పట్టిక కంటే నలభై నిమిషాలే ఆలస్యం. అంటే ఆ కాలువ ఖాళీ అయ్యేటప్పుడు నెమ్మది, నిండేటప్పుడు తొందర. మూడువేల ఓడలు కొలిచినా నాకు తెలియని సంగతి అది. నెలాఖరుకు నా వీసా రద్దయింది, ఇద్దరం ఇంటికొచ్చేశాం. ఆ తరువాత ఓబులేసు ఒక ఉత్తరం రాయించాడు. నీళ్ళల్లో దిగవచ్చా అని కఫీలును అడిగితే, "నేనెప్పుడు వద్దన్నాను, నువ్వే రాలేదు" అన్నాడట.

ఉద్యోగం మానాక ప్రయాణాలు ఎలా చేయాలని తోటి సర్వేయర్లు అడుగుతుంటారు. నాకు తెలిసింది ఇంతే. మానుకోవలసింది కొలవడం కాదు, కొలవగానే బయలుదేరడం. ఆ ఉత్తరం ఇప్పటికీ సత్యవతి దగ్గరే ఉంది. దాని వెనుక ఆమె చేతిరాతలో, నాలుగు గంటలకు ఎదురుగా, నీరు ఇరవయ్యారో గీత దగ్గర ఉన్నట్టు రాసి ఉంది.