ఆ ‘పొయ్యొస్తా’ నాది కాదు

పదకొండేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకైతే ఈ జన్మలో చెప్పేదాన్ని కాదు.

ప్రొద్దుటూరులో ఎం.ఏ. తెలుగు చదివేటప్పుడు మా సారు సాహిత్య సిద్ధాంతాలను మాకే జట్లుగా పంచి, క్లాసులో చెప్పమన్నారు. మా జట్టుకు వక్రోక్తి వచ్చింది, అంటే మాటను వంపు తిప్పి చెప్పే అందం. షమీమ్ వాళ్లకు ధ్వని, అంటే మాట వెనక వినిపించే అర్థం. షమీమ్ జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చేది. చదువు మాన్పించి పెళ్లి చేయాలని ఇంట్లో ఒకటే పోరు. "నువ్వు బాగా చెప్పు, మీ అమ్మతో నేను మాట్లాడతా" అని సారు ఆమెకు మాటిచ్చారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ షమీమ్ తన ఉదాహరణ నాకు చెప్పింది.

"మా నాయన కువైట్‌కు పోయేటప్పుడు పోతాండా అనడు మే. పొయ్యొస్తా అంటాడు. ఆ ‘వస్తా’ను పట్టుకోనే మాయమ్మ రెండేండ్లు బతుకుతాది. ధ్వని అంటే ఇదే గదా?"

నాకు ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే కుళ్లు పుట్టింది. నా దగ్గర పుస్తకంలోని నిర్వచనాలు తప్ప ఏముంది?

మర్నాడు మా జట్టు వంతు. పెళ్లిచూపులని షమీమ్ రాలేదు. నేను ఆమె మాటనే వక్రోక్తికి ఉదాహరణగా చెప్పాను. భయంతో నోరు జారిందని ఏళ్ల తరబడి నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. ముందురోజు సాయంత్రమే రాసిపెట్టుకున్నాను, ఆమె నాన్నను పులివెందులలో మా పక్కింటి మామగా మార్చి మరీ. మా పక్కింట్లో అలాంటి మనిషే లేడు. సారు చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాతి రోజు షమీమ్ లేచి, పాపం, అదే చెప్పింది. క్లాసు గొల్లుమంది.

"నిన్న రాకపోయినా, నిన్న చెప్పిందంతా ఎవరో నీకు బాగానే చేరేసినారే!" అన్నారు సారు.

ఆమెకు అర్థం కాలేదు. అందరి వంకా చూసింది. చివరికి నన్ను చూసింది. అప్పుడు అర్థమైంది. నేను తేలు కుట్టిన దొంగలా పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. "సార్, ఆ మాట ఆమెదే" అంటే సరిపోయేది. నాలుక పడిపోయిందా నాకు? లేదు. ఆ చప్పట్లు పోతాయని భయం. ఛీ, అంతే.

సాయంత్రం బస్టాండు దాకా వెంట వెళ్లాను. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. తిట్టలేదు. రోజూ కిటికీలోంచి "పొయ్యొస్తా మే" అనేది. ఆ రోజు బస్సు కదిలాక నా వైపు చూసి ఒక్క మాటంది.

"పోతాండా మే."

మళ్లీ కాలేజీకి రాలేదు. సారు షమీమ్ వాళ్లమ్మతో మాట్లాడనూ లేదు.

ఇప్పుడు పులివెందులలో నేనే ధ్వని పాఠం చెబుతున్నాను. ఏటా అదే ఉదాహరణ, ఏటా చప్పట్లు. గంట కొట్టగానే పిల్లలు "పొయ్యొస్తాం మేడం" అని నవ్వుకుంటూ వెళ్తారు. నేను డస్టర్ పట్టుకుని బోర్డు వైపు తిరిగి నిలబడతాను. జమ్మలమడుగు ఎంత దూరమని? వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

రేపు మళ్లీ ఆ పాఠం ఉంది. పిల్లలకు నిజం చెబుతానో లేదో, నా మీద నాకే నమ్మకం లేదు. మీకు మాత్రం చెప్పేశాను. ఆ మాట నాది కాదు. షమీమ్‌ది.