పెన్సిల్‌తో రాసిన పేరు

మా మరదలు పోయింది. ఈ మాట రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. రాస్తే నమ్మకం కుదురుతుందేమో అనుకున్నాను. కుదరలేదు.

మా తమ్ముడి భార్య. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. నలభై నాలుగేళ్లు నిండలేదు. ఒక జబ్బు లేదు, ఒక మందుబిళ్ల లేదు. ఆ రోజు పొద్దున ఏడింటికి మా గుమ్మంలో కూర్చుని టీ తాగింది. పదకొండింటికి లేదు.

ఆ పొద్దున నాకు వరసగా గుర్తుంది. ఫజర్ నమాజు అయ్యాక తస్బీ పూసలు పక్కన పెట్టి మిషను ముందు కూర్చున్నాను. తమ్ముడిది పరుపుల కొట్టు. పరుపులకు, దిండ్లకు గలీబులు నేను కుడతాను. వాళ్ల ఇల్లు, నా గది ఒకే ప్రహరీలో ఉంటాయి. ఆమె రెండు గ్లాసులతో టీ తెచ్చింది. నా గ్లాసులో చక్కెర తక్కువ. అది ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు.

బడులు తెరవడానికి ఇంకా పది రోజులు ఉంది. ఆ రోజుల్లో సర్కారు బడి టీచర్లు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని అడుగుతారు. ఆమె తయారై ఉంది. భుజాన నల్ల బ్యాగు, కాళ్లకు పాత బూట్లు. ఎండలో తిరగాలంటే చెప్పులకంటే అవే మేలని అంటుండేది. గుమ్మంలో మెట్టు మీద కూర్చుని, కొత్త హాజరు పట్టీ ఒళ్లో పెట్టుకుని, స్కేలుతో గీతలు కొట్టి తొమ్మిదో తరగతి పిల్లల పేర్లు రాసుకుంటోంది. నేను గలీబు అంచు మడుస్తున్నాను. తల ఎత్తి చూడలేదు.

"వదినా, ఈ ఏడు నస్రీన్‌ని మా బళ్లోకి తెచ్చుకుంటాను. ఆయనకు మీరొక్క మాట చెప్పండి. మీరు చెబితే కాదనరు."

నస్రీన్ వాళ్ల అమ్మాయి. ఒక్కతే. ఎనిమిది పూర్తయి తొమ్మిదిలోకి వెళ్లాలి.

"సాయంత్రం మాట్లాడదాంలే" అన్నాను.

కాసేపు స్కేలు చప్పుడు వినిపించలేదు. తర్వాత పట్టీ మూసి బ్యాగులో పెట్టి, రెండు గ్లాసులూ కడిగి బోర్లించి, స్కూటీ తీసింది. గేటు దగ్గర వెనక్కి తిరిగి, "సాయంత్రం అంటే సాయంత్రమేనండోయ్, మీరు మగ్రిబ్ నమాజుకి కూర్చుంటే ఇక లేవరు" అని నవ్వింది.

మా మరదలు కాలనీలో కోటమ్మ అనే కూలీ మనిషి ఇంటి ముందు మంచం మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి, నీళ్లు వచ్చేలోపు పక్కకు ఒరిగిందట. ఆటోలో తీసుకెళ్లారు. అప్పటికే అయిపోయిందని డాక్టరు చెప్పాడు. పొద్దు వాలుతుంటే, అస్ర్ నమాజు తర్వాత జనాజా లేచింది. మేం ఆడవాళ్లం ఖబరస్తాన్‌కు వెళ్లం. గేటు దాకానే నేను చూసింది. పొద్దున ఆమె నవ్వి వెళ్లిన గేటే. ఆ రోజు మగ్రిబ్ నమాజులో మూడు రకాతుల లెక్కే తప్పి, ఎన్నోదానిలో ఉన్నానో మరిచిపోయాను. నలభై ఏళ్లలో అట్లా ఎప్పుడూ జరగలేదు.

సాయంత్రం అని నేను ఎందుకు వాయిదా వేశానో మీకు చెప్పాలి. దాచుకోవడానికి ఏమీ లేదు.

మూడేళ్ల కింద నస్రీన్ అయిదు పాసైనప్పుడు, ఆమె అప్పుడే పిల్లను తన బళ్లో చేరుస్తానంది. అడ్డం పడ్డది నేను. "టీచరు కూతురు సర్కారు బళ్లోనా? ఊళ్లో ఏమనుకుంటారు?" అన్నాను. నేను అదే బళ్లో ఏడు దాకా చదివినదాన్ని. అప్పుడు నాకది గుర్తు రాలేదు. ఆమె వాదించే మనిషి కాదు. "మీరు పెద్దవాళ్లు వదినా" అంది. పిల్ల టై కట్టుకుని పసుప్పచ్చ బస్సెక్కింది.

ఆ మాట ఖరీదు ఆమె ప్రతి జూన్‌లోనూ గడపగడపలో విన్నది. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేది. కోటమ్మ గొంతు దింపేసేది.

"ఏం టీచరమ్మా, మా రాణిని మీ బళ్లో ఎయ్యమంటన్నావు, మీ పిల్లేమో బస్సెక్కిద్ది. మా పిల్లలేమన్నా ఏరి పారేసిన తాలుకాయలా?"

మిరపకాయలు ఎండాక రంగు పోయి తెల్లబడినవాటిని తాలు అంటాం. వాటిని వేరుగా ఏరతారు, ధర రాదు. ఆ మాట చెప్పి ఆమె నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, ఆమె నవ్వడం ముందు ఆపేది.

ఆమె ఎట్లాంటి టీచరో నాకు కల్లాల్లో తెలిసింది. మార్చిలో పదో తరగతి పరీక్షలు. అప్పుడే మిరప కోతలు. కాయ కోసి కల్లంలో ఆరబోస్తే ఇంట్లో ఒకరు కాపలా ఉండాలి. పెద్దవాళ్లు కోతకు పోతే పిల్లలే గతి. బడికి సగం మంది రారు. ఆమె వాళ్లను తిట్టలేదు. బడి వదలగానే స్కూటీ మీద కల్లాలకే వెళ్లేది. ఒకసారి దిండ్లకు దూది చూడటానికి పొలాల వైపు వెళ్లి, తిరిగి వస్తూ ఆగాను. ఎర్రటి కాయల మధ్య పట్టా మీద ఏడుగురు పిల్లలు. ఈమె ముక్కుకు కొంగు కట్టుకుని, తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ లెక్కలు చెబుతోంది.

"ఒరేయ్, కళ్లు మూసుకుని వంద కాయలు తియ్యి. ఎన్ని తాలు వచ్చినయ్?"

"పదకొండు, టీచర్."

"అయితే కుప్ప మొత్తం లెక్కెయ్యి. మీ నాన్నకు షావుకారు తాలు కింద ఎంత కోస్తాడో, అది న్యాయమో కాదో నువ్వే చెప్పాలి ఇవాళ."

వాడి వెనక కూర్చున్న తాత బీడీ పారేసి దగ్గరకు జరిగాడు. లెక్క తేలేదాకా కదల్లేదు.

ఇంకొక అలవాటు. ఇప్పుడు పిల్లల హాజరు ఫోన్లో వేస్తున్నారు. ఆమె ఫోన్లో వేసి, మళ్లీ పట్టీ తెరిచి ఒక్కొక్క పేరూ పిలిచేది. "రోజుకొక్కసారైనా పిల్ల తన పేరు ఎవరో పిలవగా వినాలి వదినా. కొందరిని ఇంట్లో కూడా పేరుతో పిలవరు" అనేది. కోతలకు వలస పోయే ఇంటి పిల్ల, ప్రైవేటుకు పోతుందో ఉంటుందో తెలియని పిల్ల, ఇట్లా ఖాయం కాని పేర్లను పట్టీలో పెన్సిల్‌తో రాసేది. వచ్చి బెంచీ మీద కూర్చున్న రోజున దాని మీద పెన్నుతో దిద్దేది. చెరిపింది తక్కువ. రాని పిల్ల ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లేది.

తన పిల్ల దగ్గర మాత్రం ఆమెకు ఏ దారీ దొరకలేదు. ఆ ప్రైవేటు స్కూల్లో వారం వారం పరీక్ష. మార్కులను బట్టి సెక్షను మారుస్తారు. నస్రీన్ మొదటి సెక్షన్లో చేరి, రెండేళ్లలో నాలుగోదానికి దిగింది. గోళ్లు కొరికి కొరికి వేళ్లు నెత్తురు కారేవి. మాట తగ్గిపోయింది. అన్నం ముందు కూర్చుని పెదవులతో ఏవో సూత్రాలు వల్లించేది. నేను పక్కన కూర్చోబెట్టుకుని ఖురాన్ చదివి ఊదేదాన్ని. వాళ్లమ్మ వేళ్లకు వేపనూనె రాసేది. ఒకరోజు ఆ వేళ్లు పట్టుకుని, "ఎండకముందే తాలు ఏరతారా వదినా ఎవరైనా?" అంది. ఆమె గొంతు పెంచింది అప్పుడొక్కసారే.

అది విన్నాక కూడా నేను సాయంత్రం అన్నాను.

ఆ సాయంత్రం పది రోజులకు వచ్చింది. పదో రోజు చదివించే దహుం ఫాతిహా అయి చుట్టాలు వెళ్లిపోయారు. మర్నాడు సోమవారం. బస్సు ఎన్నింటికి వస్తుందో ప్రైవేటు స్కూలు వాళ్లు ఫోన్ చేసి చెప్పారు. హైస్కూలు కూడా మర్నాడే తెరుస్తారు. నేను, తమ్ముడు, నస్రీన్ వసారాలో కూర్చున్నాం.

"ఉన్నచోటే ఉండనీ అక్కా" అన్నాడు తమ్ముడు. "వాళ్లమ్మ ఉంటే వేరు. ఇప్పుడు ఆ బళ్లోకి పోతే పిల్లకి రోజూ ఆ కుర్చీ కనబడదా? నావల్లే కావట్లా, అటువైపు బండి పోనియ్యట్లా నేను. పద్నాలుగేళ్ల పిల్ల, ఎట్లా కూర్చుంటది?"

వాడు చెప్పింది తప్పు కాదు. మాట చెప్పమని అడిగిన మనిషి లేదు. ఇప్పుడు ఆ మాట చెబితే అది పిల్ల కోసమా, నా మనసు తేలిక కావడం కోసమా అని కూడా అనిపించింది. మనసులోనే దువా చేసుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు గేటు చప్పుడైంది. కోటమ్మ. చేతిలో నల్ల బ్యాగు.

"మంచం కింద ఉండిపోయిందమ్మా, ఆ గోలలో ఎవురూ చూళ్లా, ఆపైన ఆ మంచం జోలికే నేను పోలా. నిన్న ఊడుస్తంటే కనబడింది" అంది. బ్యాగు నా ముందు పెట్టి, తను కింద కూలబడింది. "నా నోరు మంచిది కాదు. ఆ రోజు కూడా అడిగాను తల్లీ. మీ పిల్ల ఏ బడి అని. అడక్కపోతే పోయేది."

తమ్ముడు తల ఎత్తాడు. "ఏమంది?"

"'ఈ ఏడు మా పిల్ల మీ రాణి పక్కనే కూర్చుంటది కోటమ్మా, పేరు రాసేశా' అంది. నవ్వింది. నేను, 'అబ్బో, చూద్దాంలే' అన్నా. 'చూద్దువుగాని, ముందు కాసిని మంచినీళ్లు ఇయ్యి' అంది." కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంతే అయ్యా. నేను చెంబు తెచ్చేసరికి..."

పది రోజులుగా వచ్చినవాళ్లందరూ ఆమె ఆఖరి మాట ఏమిటని మమ్మల్ని అడుగుతూ ఉన్నారు. తెలియదని చెబుతూ వచ్చాం.

బ్యాగు నస్రీన్ తెరిచింది. సగం నీళ్లున్న సీసా. బడి కరపత్రాలు. స్కేలు, పెన్ను, పెన్సిలు. హాజరు పట్టీ. పిల్ల మొదటి పేజీ తిప్పి వేలితో పేర్లు దిగుతూ వెళ్లింది. అడుగున వేలు ఆగింది.

నలభై రెండు పేర్లు నీలం సిరాతో ఉన్నాయి. నలభై మూడోది పెన్సిల్‌తో.

తమ్ముడు చూశాడు. లేచి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు నేను మాట్లాడాను.

"ఒరేయ్, అప్పుడు అడ్డం పడ్డది నేను. తప్పు నాది. పిల్ల ఏం అంటుందో అడుగుదాం. అది ఏమంటే నాది అదే మాట."

నస్రీన్ వేలు ఆ పేరు మీదే ఉంచి తల ఎత్తింది. తర్వాత అంది. గొంతు చిన్నదే గానీ తడబడలేదు.

"అమ్మ రోజూ అందరి పేర్లూ పిలిచేది నాన్నా. నాది ఒక్కసారి కూడా పిలవలేదు, బళ్లో. ఆ కుర్చీ కనబడితే కనబడనీ. నేను వెళ్తా."

"ఏడుపొస్తే?" అన్నాడు తమ్ముడు గోడవైపే ఉండి.

"రాణి ఉంటదిగా" అంది కోటమ్మ కిందనుంచి. "అది ఏడిస్తే ఇదీ ఏడిచిద్ది. ఇద్దరూ ఏడిసి ఇంటికొస్తారు. మళ్లా పొద్దున్నే పోతారు. అంతకన్నా ఏముందయ్యా?"

తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. బ్యాగులోని మరదలి పెన్ను తీసుకుని మూత తీశాడు. ఆ పేరు మీద దిద్దుదామని వంగాడు. నస్రీన్ చేయి అడ్డం పెట్టింది.

"వద్దు నాన్నా. అమ్మ రాసింది అట్లాగే ఉండనీ."

వాడు మూత పెట్టేశాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో తేలింది ఇది. నస్రీన్ హైస్కూలుకు వెళుతుంది. పొద్దున రాణి వచ్చి పిలుస్తుంది, ఇద్దరూ నడిచి వెళతారు. తమ్ముడు బడి గేటు దాకా వెళ్లి పట్టీ హెడ్మాస్టరు చేతికిస్తాడు. ఆ ఒక్క పేరు దిద్దవద్దని నా మాటగా చెబుతాడు. బస్సు వాళ్లకు నేనే ఫోన్ చేశాను.

మగ్రిబ్ అజాన్ అవుతుంటే పట్టీ మూయబోయి, ఇంకొకసారి చూశాను. గుండ్రటి అక్షరాలు. సమానమైన ఎడం. పేరు చివర మాత్రం ఒక చుక్క, నల్లగా, లావుగా ఉంది. రాయడం అయ్యాక పెన్సిలు మొన అక్కడే ఆనించి కాసేపు ఆగినట్టు. ఆ ఆగినంతసేపూ ఆమె మా గుమ్మంలో మెట్టు మీద కూర్చుని ఉంది. నేను తల ఎత్తకుండా గలీబు అంచు మడుస్తూ ఉన్నాను.